యూనిట్ – 7 : తక్కువ హాజరు లలితకళా విద్య – వృత్తి వికాసం, ఉపాధి మార్గాలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు :
– తక్కువ హాజరు విధానం అంటే ఏమిటో, అది ఎలా మొదలైందో వివరించగలుగుతారు.
– లలితకళల కోర్సులో చేరే ముందు దాని గుర్తింపును సరిచూసుకోగలుగుతారు.
– పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో కళావృత్తికి ఉన్న వనరులను గుర్తించగలుగుతారు.
– ఇంటి దగ్గరి సాధనకు ప్రణాళిక వేసుకొని, దానికి ఆధారాలు భద్రపరచుకోగలుగుతారు.
– మీ కృతికి ధర కట్టడం, ఒప్పందం రాసుకోవడం, సహాయ పథకాలు వినియోగించుకోవడం తెలుసుకుంటారు.

7.1 పరిచయం

మార్కాపురం అనగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది పలక. తరతరాలుగా మన పిల్లలు ఓనమాలు దిద్దిన రాతిపలకల్లో చాలా భాగం ఈ ప్రాంతపు గనుల నుంచి వచ్చినవే. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత బడిపలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయి తరువాతి కాలంలో గోడలకు, నేలకు, పైకప్పులకు వాడే అలంకార రాయిగా దేశవిదేశాలకు వెళ్ళింది. పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. అయితే ఆ పనికి కొత్త రూపం ఇవ్వగల శిక్షణ మాత్రం ఊరికి దూరంగా ఉంది.

లలితకళల్లో పూర్తికాల డిగ్రీ చదవాలంటే గిద్దలూరు, కంభం, మార్కాపురం విద్యార్థులు సాధారణంగా కడప, విశాఖపట్నం, హైదరాబాద్ వంటి చోట్లకు వెళ్ళి నాలుగేళ్ళు ఉండాలి. వానలు సరిగా పడక, తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్యతో, వలసలతో ఇబ్బంది పడుతున్న ప్రాంతమిది. ఇక్కడి చాలా కుటుంబాలకు నాలుగేళ్ళ హాస్టల్ ఖర్చు భరించడం కష్టం. ఇప్పటికే ఉద్యోగం, దుకాణం, సేద్యం, సంసారం ఉన్నవారికి అది అసాధ్యం. అందుకే ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం తరగతులకు వెళ్ళి, మిగతా కాలం ఇంటి దగ్గరే సాధన చేసే విధానం వీరికి ఆశాజనకంగా కనిపిస్తుంది.

ఈ యూనిట్‌లో ప్రధానంగా చెప్పదలచినది ఒకటే. కళాకారుని వృత్తి ఎక్కువగా ఇంటి దగ్గర గడిచే నెలల్లోనే తయారవుతుంది. తరగతులు జరిగే కొద్ది రోజులు ఆ పనిని సరిదిద్దుతాయి. కాబట్టి విద్యార్థి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. నేను చేరుతున్న కోర్సుకు గుర్తింపు ఉందా? ఇంటి దగ్గర నేను చేస్తున్న పనికి ఆధారాలు ఉన్నాయా?

7.2 తక్కువ హాజరు విధానం – అర్థం, పుట్టుక

విద్యార్థి ప్రతి అర్ధసంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే విద్యాసంస్థలో ఉండి, మిగతా కాలం తన ఊళ్ళోనే ఉంటూ ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వంలో చదువు సాగించే పద్ధతిని తక్కువ హాజరు విధానం అంటారు. ఇది సాధారణ దూరవిద్య కంటే కొంత భిన్నమైనది. దూరవిద్యలో పాఠ్యపుస్తకం కేంద్రంగా ఉంటుంది. తక్కువ హాజరు విధానంలో విద్యార్థి తయారుచేసిన కృతి కేంద్రంగా ఉంటుంది. విద్యార్థి నిర్ణీత వ్యవధిలో తన కృతులను పంపుతాడు. ఉపాధ్యాయుడు వాటిపై రాతపూర్వకంగా వ్యాఖ్యానిస్తాడు.

ఈ విధానం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో గొడ్డార్డ్ కాలేజీ 1963లో వయోజనుల కోసం ప్రారంభించిన డిగ్రీ కార్యక్రమంతో రూపుదిద్దుకుంది. ఉద్యోగాలు, కుటుంబాలు ఉన్నవారు ఏటా రెండుసార్లు కొద్ది రోజులు క్యాంపస్‌లో గడిపి, తక్కిన కాలం ఇంటి నుంచి చదివేవారు. 1976లో అదే కాలేజీ సృజనాత్మక రచనలో మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీని ఈ పద్ధతిలో మొదలుపెట్టింది. తరువాత అనేక అమెరికన్ సంస్థలు దీనిని రచనకు, చిత్రకళకు అనుసరించాయి. గొడ్డార్డ్ కాలేజీ మాత్రం 2024లో మూతపడింది. ఒక పద్ధతి నిలిచినా దానిని ప్రారంభించిన సంస్థ నిలవకపోవచ్చు. అందువల్ల విద్యార్థి తన పనికి సంబంధించిన పత్రాలన్నిటినీ తన వద్ద కూడా భద్రపరచుకోవాలి.

మన రాష్ట్రానికి కూడా ఇటువంటి పద్ధతి కొత్తకాదు. ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగులో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు నిర్వహిస్తుంది. వాటిలో ఉత్తీర్ణులైనవారికి వేసవిలో 42 రోజుల పాటు టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ శిక్షణ ఉంటుంది. ఏడాది పొడవునా ఇంటి దగ్గర సాధన, వేసవిలో కొద్ది వారాల శిక్షణ. పేరు వేరైనా తీరు తక్కువ హాజరు విధానానిదే. డ్రాయింగ్ మాస్టర్లు చాలామంది ఈ దారిలో వచ్చినవారే.

7.3 కోర్సు ఎంపిక – గుర్తింపు

ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. ఇక్కడ పొరపాటు జరిగితే మూడు నాలుగేళ్ళ కాలం, డబ్బు వృథా అవుతాయి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) దూరవిద్యకు, ఆన్‌లైన్ విద్యకు 2020లో నిబంధనలు ప్రకటించింది. ఆ పద్ధతుల్లో నిర్వహించరాదని ఆ సంస్థ తెలిపిన విభాగాల జాబితాలో ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రం, వ్యవసాయం మొదలైన వాటితో పాటు దృశ్యకళలు కూడా ఉన్నాయి. కాబట్టి ఎవరైనా "దూరవిద్యలో బి.ఎఫ్.ఎ. పెయింటింగ్ డిగ్రీ ఇప్పిస్తాం" అని చెప్పినప్పుడు ఫీజు కట్టకముందే ఆగి విచారించాలి. యు.జి.సి. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఆ జాబితాలో విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు. మీరు చేరబోయే కోర్సు పేరు, మీరు చేరే విద్యా సంవత్సరం కూడా ఉండాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారు ఆ విభాగం ఇచ్చే డెబ్ ఐడి తీసుకోవలసి ఉంటుంది.

అయితే దారులన్నీ మూసుకుపోయినట్లు కాదు. ఈ ప్రాంత విద్యార్థికి ఆచరణలో నాలుగు రకాల దారులు ఉన్నాయి.

(అ) సాధారణ డిగ్రీతో పాటు కళాశిక్షణ : బి.ఎ. వంటి డిగ్రీని దూరవిద్యలో చదువుతూ, డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు, వేసవి శిక్షణ పూర్తిచేయడం. 2022లో యు.జి.సి. ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. కాబట్టి రెగ్యులర్ కోర్సు ఒకటి, దూరవిద్య కోర్సు ఒకటి కలిపి చదివే వీలు కూడా ఉంది.

(ఆ) సర్టిఫికెట్ కోర్సులు : ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం చిత్రలేఖనం, అనువర్తిత కళ, కర్ణాటక సంగీతం, భరతనాట్యం, రంగస్థల కళల్లో సర్టిఫికెట్ కోర్సులు రూపొందించింది. ఇవి డిగ్రీకి సమానం కావు. కానీ పునాది నేర్చుకోవడానికి, తనకు ఆ కళ సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి తక్కువ ఖర్చుతో ఉపయోగపడతాయి.

(ఇ) సంగీతం, రచన : 1985లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తన దూరవిద్యా కేంద్రం ద్వారా సంగీతం, లలిత సంగీతం, సినిమా రచన వంటి కోర్సులు నడిపింది. తెలుగు మాధ్యమంలో కళలకు దూరవిద్యను పరిచయం చేసిన ముఖ్యమైన ప్రయత్నమిది.

(ఈ) పూర్తికాల సంప్రదాయ శిక్షణ : తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో తిరుపతిలో నెలకొల్పిన శిల్ప శిక్షణ సంస్థలో రాతి శిల్పం, సుద్దశిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం నేర్పుతారు. ఇది తక్కువ హాజరు పద్ధతి కాదు. ఊరు వదిలి ఉండగలిగినవారు దీనిని కూడా పరిశీలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. తక్కువ హాజరు విధానానికి, సాధారణ దూరవిద్యకు గల తేడా ఏమిటి?
2. దూరవిద్య కోర్సులో చేరే ముందు యు.జి.సి. జాబితాలో ఏయే విషయాలు సరిచూసుకోవాలి?

7.4 వృత్తి ఎలా ఏర్పడుతుంది? – కొన్ని ఉదాహరణలు

కళలో డిగ్రీ పొందినవారంతా బొమ్మలు అమ్ముకునే జీవిస్తారని, డిగ్రీ లేనివారు కళాకారులు కాలేరని రెండు అపోహలున్నాయి. ప్రసిద్ధులైన తెలుగు కళాకారుల జీవితాలు ఈ రెండింటినీ తోసిపుచ్చుతాయి.

కాపు రాజయ్య (1925–2012) సిద్దిపేటలో డ్రాయింగ్ ఉపాధ్యాయునిగా పనిచేస్తూనే బోనాలు, బతుకమ్మ, పల్లె వృత్తులను చిత్రించి దేశవ్యాప్తంగా పేరు పొందారు. ఆయన తన పట్టణాన్ని వదలలేదు. అక్కడి నకాషీ చిత్రకళా సంప్రదాయమే ఆయన శైలికి ఆధారమైంది.

కె. లక్ష్మాగౌడ్ తొలిరోజుల్లో హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్స్ విభాగంలో పనిచేశారు. తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కళల ఆచార్యులయ్యారు. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం ఎచ్చింగులు, రేఖాచిత్రాలు.

తోట వైకుంఠం తెలంగాణ గ్రామీణ స్త్రీల చిత్రాలకు ప్రసిద్ధులు. ఆయన సినిమాలకు కళాదర్శకత్వం కూడా వహించారు. 1988 నాటి 'దాసి' చిత్రానికి జాతీయ పురస్కారం అందుకున్నారు.

బాపు (1933–2014) చదివింది న్యాయశాస్త్రం. మద్రాసులో లా డిగ్రీ పొందిన ఆయన పత్రికల బొమ్మలు, పుస్తకాల ముఖచిత్రాలు, కార్టూన్లు, సినిమాలతో వృత్తిని నిర్మించుకున్నారు. ఆయన చేతిరాత అక్షరాల ఫాంటుగా కూడా మారింది.

తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుది మరో దారి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో వంశపారంపర్యంగా వచ్చిన విద్యతోనే ఆయన 2020లో పద్మశ్రీ పొందారు.

ఈ ఐదుగురిలో మూడు సమాన లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది, ఎక్కువమందికి ఆదాయం ఇచ్చే పని ఒకటి, పేరు తెచ్చిన పని మరొకటి. రెండవది, వారి కళకు వస్తువు తమ ఊరు, తమ జనం, తమ చేతి విద్య. మూడవది, ఏళ్ళ తరబడి ఆగకుండా సాధన చేశారు. తక్కువ హాజరు విధానంలో చదివే విద్యార్థికి ఈ మూడూ అందుబాటులో ఉన్నాయి. ఉన్న ఉద్యోగం వదలనక్కరలేదు, ఊరు వదలనక్కరలేదు. అయితే సాధనను మాత్రం ఎవరూ గుర్తుచేయరు. విద్యార్థి తానే క్రమం తప్పకుండా చేసుకోవాలి.

7.5 పశ్చిమ ప్రకాశంలో వనరులు, ఉపాధి మార్గాలు

7.5.1 పలకరాయి : నల్లమల ప్రాంతపు ప్రాచీన శిలా పొరల్లో ఒక విభాగానికి భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరే పెట్టారు. పలకరాయి పలుచని పొరలుగా చీలుతుంది. చదునుగా ఉంటుంది, ముదురు రంగులో ఉంటుంది, సన్నని గీత కూడా తెల్లగా స్పష్టంగా పడుతుంది. బలపంతో రాయడానికి పనికివచ్చిన ఈ గుణాలే చెక్కడానికి, రేఖాచిత్రాలకు కూడా అనుకూలం. పేరు పలకలు, గోడ ఫలకాలు, గడియార ముఖాలు, ఆలయ శాసన ఫలకాలు, ఇంటి నంబరు పలకలు ఈ రాతిపై చేయవచ్చు. గనుల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర మిగిలే ముక్కలు సాధనకు సరిపోతాయి.

ఒక హెచ్చరిక. పలకరాయిలో సిలికా ఉంటుంది. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు. కాబట్టి రాతిని తడిపి కోయాలి. మూసిన గదిలో పని చేయరాదు. ఎన్-95 తరహా మాస్కు తప్పక వాడాలి. తువ్వాలు చుట్టుకుంటే చాలదు. పని చేసే చోట పిల్లలను కూర్చోనివ్వరాదు. పొడి దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

7.5.2 ప్రాచీన కట్టడాలు : గిద్దలూరుకు సమీపంలో రాచర్ల మండలంలోని సత్యవోలులో చాళుక్య శైలి రాతి ఆలయాలు ఉన్నాయి. మార్కాపురంలో చెన్నకేశవస్వామి ఆలయం, త్రిపురాంతకంలో శైవక్షేత్రం, జిల్లాలోని భైరవకోనలో కొండను తొలిచిన గుహాలయాలు ఉన్నాయి. గుండ్లకమ్మపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. వీటిని చూసి గీయడం, కొలతలు తీయడం, స్తంభాల నమూనాలను నమోదు చేయడం విద్యార్థికి మంచి ప్రాజెక్టులు అవుతాయి. పర్యాటక ఫలకాలు, స్థల పుస్తకాలు, పాఠశాల చార్టులు వంటి పనులకు ఇవే నమూనాలుగా చూపవచ్చు. రక్షిత కట్టడాల్లో రాతిపై కాగితం అద్ది అచ్చు తీయరాదు. దానికి పురావస్తు శాఖ అనుమతి కావాలి.

7.5.3 పొరుగు చేతివృత్తులు : నల్లమల కొండల అవతల నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డ శిల్పులు, ఉత్తరాన పల్నాడులో దుర్గి శిల్పులు, దక్షిణాన నెల్లూరు జిల్లాలో ఉదయగిరి కొయ్య చెంచాల పనివారు ఉన్నారు. ఈ మూడు వృత్తులకూ భౌగోళిక గుర్తింపు లభించింది. గుంటూరు–నంద్యాల రైలు మార్గం మార్కాపురం రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్ల మీదుగా పోతుంది. కాబట్టి నెలకు ఒకసారైనా ఒక కార్ఖానాకు వెళ్ళి పని చూసి రావడం కష్టం కాదు. పాఠ్యపుస్తకం చెప్పలేని ఉలి పట్టు, రాతి ధ్వని అక్కడే తెలుస్తాయి.

7.5.4 ఉద్యోగ, ఉపాధి మార్గాలు : ముఖ్యమైనవి ఇవి.

బోధన : 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతులు ఉండి, 100 మందికి మించి పిల్లలున్న పాఠశాలలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. ప్రైవేటు పాఠశాలల్లో, ట్యూషన్ తరగతుల్లో కూడా డ్రాయింగు, సంగీతం నేర్పేవారికి అవకాశం ఉంటుంది. ప్రభుత్వ పోస్టులకు ఏ అర్హత కావాలో ఆయా నోటిఫికేషన్‌లో ఉన్న ప్రకారమే చూసుకోవాలి.

డిజైను : బోర్డులు రాసే పెయింటర్ల పని ఫ్లెక్సీల రాకతో తగ్గింది. అక్షర రూపం, పొందిక తెలిసిన చేయి కంప్యూటరు నేర్చుకుంటే ఫ్లెక్సీ, శుభలేఖ, ప్యాకింగ్ డిజైనులో త్వరగా రాణిస్తుంది.

ఆలయ, ఇంటి పనులు : గోపురాల సుద్దశిల్పాలు, రంగులు, వాకిలి తలుపులు, రాతి ఫలకాలు.

ప్రసార, ప్రదర్శన రంగాలు : ఆకాశవాణి ఆడిషన్ ద్వారా కళాకారులకు బి, బి–హై, ఎ, టాప్ అనే గ్రేడులు ఇస్తుంది. సంగీత, నాటక విద్యార్థులు దీనిని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. మార్కాపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. పలకరాయితో పని చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ మండలంలో ప్రాజెక్టుకు తగిన ఒక కట్టడాన్ని లేదా చేతివృత్తిని పేర్కొని, కారణం రాయండి.

7.6 ఇంటి దగ్గరి నెలలు – ప్రణాళిక, ఆధారాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. గిద్దలూరులో ఇంటి దగ్గర కుట్టుపని చేసుకునే ఒక గృహిణి కళాకోర్సులో చేరిందనుకోండి. అర్ధసంవత్సరానికి 26 వారాలు. పండుగలు, పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలకు 4 వారాలు పోగా 22 వారాలు మిగులుతాయి. వారానికి 8 గంటల చొప్పున ఇంటి సాధన 176 గంటలు. తరగతులు 12 రోజులు, రోజుకు 6 గంటల చొప్పున 72 గంటలు. మొత్తం 248 గంటల్లో ఇంటి సాధన దాదాపు 71 శాతం. అంటే ఆ వారపు 8 గంటలు జారిపోతే కోర్సులో మూడింట రెండు వంతులకు పైగా పోయినట్లే.

ఆ 8 గంటలు నిలబడాలంటే మూడు విషయాలు అవసరం. ఒకటి, నిర్ణీత సమయం. తెల్లవారుజామున గంట చొప్పున ఆరు రోజులు, ఆదివారం రెండు గంటలు అని ముందే రాసుకోవాలి. రెండు, నిర్ణీత స్థలం. పనిముట్లు ప్రతిసారీ తీసి సర్దనక్కరలేకుండా వరండాలో ఒక మూల చాలు. మూడు, ఇంట్లోవారి అంగీకారం. అత్తగారికో, భర్తకో, అన్నకో విషయం ముందే చెప్పి, ఏ సమయంలో తాను పనికి అందుబాటులో ఉండదో ఖాయం చేసుకోవాలి. ఖాళీ దొరికినప్పుడు చేద్దామనుకున్న సాధన సాధారణంగా జరగదు.

ఇక ఆధారాల సంగతి. రెగ్యులర్ కాలేజీ విద్యార్థికి హాజరు పట్టిక, ఉపాధ్యాయుల పరిచయం ఉంటాయి. తక్కువ హాజరు విద్యార్థికి తన పనే సాక్ష్యం. అందుకు మూడు రకాల పత్రాలు సిద్ధం చేసుకోవాలి.

(అ) పని దినచర్య : తేదీ, గంటలు, చేసిన పని, ఎదురైన చిక్కు. రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు.

(ఆ) కృతుల పట్టిక : ప్రతి కృతికి ఒక సంఖ్య, పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. అమ్మకముందే ఫోటో తీయాలి. ఉదయం పదింటిలోపు నీడలో, కృతికి ఎదురుగా నిలబడి తీస్తే ఖరీదైన కెమెరా లేకపోయినా ఫోటో బాగుంటుంది.

(ఇ) పోర్ట్‌ఫోలియో : 12 నుంచి 15 కృతులు. అన్నీ పెట్టాలనుకోవద్దు. చూసేవారు మీ బలహీనమైన కృతిని బట్టి కూడా మిమ్మల్ని అంచనా వేస్తారు. ఒక కృతి మొదటి గీత నుంచి పూర్తయ్యే వరకు ఎలా మారిందో చూపే నాలుగైదు చిత్రాలు జతచేస్తే, పని మీదేనని, మీరు ఆలోచించి చేస్తారని తెలుస్తుంది.

7.7 ధర, ఒప్పందం, హక్కు

కొత్త కళాకారులు నష్టపోయేది ఎక్కువగా ధర దగ్గరే. కింది లెక్క కేవలం ఉదాహరణ కోసం ఇచ్చినది.

పలకరాతిపై చెక్కిన ఒక పేరు పలకకు రాయి 150 రూపాయలు, రంగు, పాలిష్ 60, పనిముట్ల అరుగుదల 40, ప్యాకింగ్ 50, అయిదు గంటల పనికి గంటకు 100 చొప్పున 500. మొత్తం 800 రూపాయలు. ఈ మొత్తం చేతికి రావాలి. అమ్మే దుకాణం అమ్మకపు ధరలో 25 శాతం కమీషన్ తీసుకుంటే ధర ఎంత పెట్టాలి? చాలామంది 800కు 25 శాతం కలిపి 1,000 అంటారు. అప్పుడు దుకాణానికి 250 పోయి చేతికి 750 మాత్రమే వస్తుంది. 800ను 0.75తో భాగించాలి. దాదాపు 1,070 రూపాయలు పెడితేనే మీ శ్రమకు తగిన 800 మిగులుతుంది. తమ పని గంటలను లెక్కలో వేసుకోనివారు నిజానికి తమ కూలిని తామే వదులుకుంటున్నారు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రం, శిల్పం, రేఖాచిత్రం కళాకృతుల కిందికి వస్తాయి. సాధారణంగా కృతిని తయారుచేసినవారే దాని మొదటి హక్కుదారు. ఆ హక్కు వారి జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు ఉంటుంది. కృతిని అమ్మినంత మాత్రాన దాని ప్రతులు తీసుకునే హక్కు కొన్నవారికి రాదు. అయితే రెండు మినహాయింపులు ముఖ్యం. ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపైన, డబ్బు తీసుకొని ఒకరి కోరికపై గీసిన చిత్రం, రూపచిత్రం, చెక్కడంపైన, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానికి లేదా పని చేయించుకున్నవారికి చెందుతుంది. కాబట్టి ఆర్డరు తీసుకునేటప్పుడు ఒక కాగితంపై ఇవి రాసుకోవాలి : కొలత, ధర, అడ్వాన్సు, ఇవ్వవలసిన తేదీ, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ప్రతులు తీసే హక్కు ఎవరిది. ఆర్డరిచ్చినవారు బంధువులైనా, ఊరివారైనా సరే రాసుకోవాలి. రాసుకున్న కాగితం ఉంటే తరువాత మాట పట్టింపులు రావు.

7.8 సహాయ పథకాలు

పి.ఎం. విశ్వకర్మ : 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకం 18 సంప్రదాయ వృత్తులకు వర్తిస్తుంది. శిల్పులు, రాతి చెక్కడం పనివారు, వడ్రంగులు, కుమ్మరులు, బొమ్మల తయారీదారులు అందులో ఉన్నారు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల సహాయం, 5 శాతం వడ్డీపై మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు రుణం ఉంటాయి. కుటుంబంలో ఒకరికి మాత్రమే వర్తిస్తుంది. చిత్రకారులు ఈ జాబితాలో లేరు.

చేతివృత్తుల గుర్తింపు కార్డు : కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పెహచాన్ కార్డు ప్రదర్శనల్లో స్టాళ్ళు పొందడానికి ఉపయోగపడుతుంది.

ఉపకార వేతనాలు : కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18–25 ఏళ్ళ యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఉపకార వేతనం ఇస్తుంది. ఆపై వయసువారికి జూనియర్, సీనియర్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. వీటికి ఎంపిక మీ కళలోని శిక్షణను, ఇప్పటివరకు చేసిన పనిని బట్టి జరుగుతుంది. 7.6లో చెప్పిన దినచర్య, పట్టిక, పోర్ట్‌ఫోలియో ఇక్కడే అక్కరకు వస్తాయి. నోటిఫికేషన్ వెలువడిన తరువాత వాటిని తయారుచేయడం మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

7.9 సారాంశం

తక్కువ హాజరు విధానం ఊరు, ఉపాధి వదలకుండా కళ నేర్చుకునే వీలు కల్పిస్తుంది. 1963లో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి దగ్గరి రూపాలు మన డ్రాయింగ్ పరీక్షలు, వేసవి శిక్షణల్లో కనిపిస్తాయి. దృశ్యకళల డిగ్రీలు దూరవిద్యలో నిషిద్ధ జాబితాలో ఉన్నందున చేరే ముందు గుర్తింపును సరిచూసుకోవాలి. పశ్చిమ ప్రకాశంలో పలకరాయి, ప్రాచీన ఆలయాలు, పొరుగు శిల్ప కేంద్రాలు విద్యార్థికి సహజ వనరులు. క్రమం తప్పని సాధన, భద్రపరచిన ఆధారాలు, సరైన ధర, రాతపూర్వక ఒప్పందం వృత్తిని నిలబెడతాయి. ఈ వారమే ఒక నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో తేదీ వేసి, మీరు చేసిన మొదటి గంట పనిని నమోదు చేయండి.

7.10 ముఖ్య పదాలు

తక్కువ హాజరు విధానం : కొద్ది రోజుల తరగతులు, ఎక్కువ కాలం ఇంటి సాధన గల విద్యా పద్ధతి.
పోర్ట్‌ఫోలియో : ఎంపిక చేసిన కృతుల సంపుటి.
సుద్దశిల్పం : సున్నం లేదా సిమెంటుతో గోపురాలపై తీర్చే బొమ్మల పని.
సిలికోసిస్ : రాతి దుమ్ములోని సిలికా వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి.
భౌగోళిక గుర్తింపు : ఒక ప్రాంతానికి ప్రత్యేకమైన ఉత్పత్తి పేరుకు ఇచ్చే చట్టబద్ధ రక్షణ.

7.11 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. దూరవిద్యలో పాఠ్యపుస్తకం, తక్కువ హాజరు విధానంలో విద్యార్థి కృతి కేంద్రంగా ఉంటాయి. 7.2 చూడండి.
2. విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, విద్యా సంవత్సరం.
3. తడిపి కోయడం, గాలి ఆడే చోట పని చేయడం, తగిన మాస్కు వాడడం, పిల్లలను దూరంగా ఉంచడం, తడిగుడ్డతో తుడవడం.
4. మీ పరిశీలన ఆధారంగా రాయండి.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. తక్కువ హాజరు విధానంలో చదివే కళా విద్యార్థి వృత్తి వికాసానికి ఇంటి దగ్గరి సాధన ఎలా తోడ్పడుతుందో వివరించండి.
2. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో కళావృత్తికి గల వనరులను, ఉపాధి మార్గాలను చర్చించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. ఆర్డరుపై చేసిన చిత్రానికి కాపీరైట్ ఎవరిది?
2. కమీషన్‌పై అమ్మే కృతికి ధర నిర్ణయించే పద్ధతిని ఒక లెక్కతో చూపండి.
3. కాపు రాజయ్య, బాపు వృత్తి జీవితాలను పోల్చండి.